చేతికందే గోడ

ముందుగా క్షమించమని అడగాలి. యాభై దాటినాక పలక పట్టినదాన్ని. వత్తులు తప్పితే, దీర్ఘాలు జారితే పెద్ద మనసుతో సర్దుకోండి. ఒక్క పేజీ రాయడానికి నాకు పొద్దంతా పడుతుంది. మీరు కూడా తొందరపడకుండా చదివితే నాతో కలిసి నడిచినట్టు ఉంటుంది. కళ నాకు చెప్పింది కొంత, నేను అల్లుకున్నది కొంత.

శుక్రవారం పొద్దున గల్ఫు దేశంలోని పాత ఊరు ముహర్రక్‌లో బస్సు దిగగానే కళ ఫోను చెవికి ఆనించుకుని భర్త దోస్తు దేవేందర్ వాయిస్‌లో పంపిన మాటను మళ్ళీ మొదటినుంచి పెట్టింది.

"వదినా, నేను గూడ అస్తనన్న గని పొద్దుగాల్నే కఫీల్ సేటు ఫోన్ జేసి సామాన్ దించేదుంది రమ్మన్నడు. ఏం జెయ్యాలె? నువ్వు పరేషాన్ గాకు. బజారు ఎనక గల్లీలల్ల గుండ్రటి దీపాలుంటయ్, ముత్యాల లెక్క తెల్లగ. ఒక దీపం కాడ నిలబడితే ఇంకో దీపం కనవడ్తది. గవ్విట్ని పట్టుకొని పో. పొట్టి మీనారున్న మసీదు అస్తది. దాని పక్క గల్లీల ఆకుపచ్చ తలుపు ఇల్లు. గా ఇంటి ఎనక గోడ మా గంగన్న పూసిందే. ఉంట మరి."

"ఎన్నిసార్లు వింటావక్కా? నాకే బట్టీ వచ్చేసింది," అంది స్టెల్లా. "పొట్టి మీనారు, ఆకుపచ్చ తలుపు. పద పద, ఎండెక్కితే నా మొహం ఫొటోలో నల్లగా పడుద్ది."

ఇద్దరికీ సీఫ్‌లోని ఒక పెద్ద మాల్‌లో క్లీనింగ్ డ్యూటీ. మహూజ్‌లో ఇద్దరిదీ ఒకటే గది. కింది మంచం కళది, పై మంచం స్టెల్లాది. స్టెల్లాది నరసాపురం దగ్గర ఊరు. ఆమె ఫోను కెమెరా మంచిది కాబట్టి కళ రమ్మని బతిమాలింది. వస్తాను గానీ ముందు నన్ను తియ్యాలి అని స్టెల్లా బేరం పెట్టింది.

"మా చర్చి ఫెలోషిప్పులో అక్సా ఉంది చూడు, పోయిన వారం ఇక్కడే తలుపుల దగ్గర నిలబడి స్టేటస్ పెట్టింది. అందరూ వాహ్ అంటే వాహ్. ఇవాళ నావి చూసి అక్సాకి అన్నం దిగకూడదు."

"గట్లనే తీస్త తియ్. ముందుగాల గోడ దొరకనియ్."

కళకు కావలసింది గోడ ఫొటో. ఊళ్ళో ఉన్న అత్త దుర్గవ్వ ఫోన్ చేసినప్పుడల్లా అదే అడుగుతుంది. "నా కొడుకు పనిజేసిన జాగ చూసినవా బిడ్డా? ఒక ఫోటో దింపి పంపు." ఆమె కొడుకు, కళ భర్త గంగన్న ఇక్కడే పనిచేశాడు, ఇక్కడి క్యాంపులోనే నిద్రలో పోయాడు. ఆ తర్వాతే కళ పనికి వచ్చింది. వచ్చిన నాటినుంచి డ్యూటీ, గది, డ్యూటీ. ముహర్రక్ ఏ దిక్కున ఉందో కూడా ఈ పొద్దే తెలిసింది.

గల్లీలు ఇరుకుగా ఉన్నాయి. రెండు పక్కలా ఇసుక రంగు గోడలు, పైన ఏసీల నుంచి బొట్టు బొట్టుగా కారే నీళ్ళు. దేవేందర్ చెప్పినట్టే తెల్లటి గుండు దీపాలు పగటిపూట కూడా మెరుస్తున్నాయి. ఒక దీపం కింద నిలబడి, మెడ చాచి, ఇంకో దీపం కనబడగానే కళ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని గబగబా నడిచేది. చదవడం రాని మనిషికి దారి చూపించే ఊరు ఇదొక్కటే చూశానని తర్వాత నాతో అంది. ప్రతి మూలనా బోర్డులు ఉన్నాయి. స్టెల్లా వాటిని ఫోన్‌తో ఫొటో తీసి, "ఇది ముత్యాల వ్యాపారి ఇల్లంట, ఇది ఈతగాడి ఇల్లంట," అని చదువుతూ వచ్చింది. ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్ళ ఊరంట ఇది.

ఒక మలుపు దగ్గర పెద్ద కెమెరాలు మెడలో వేసుకున్న తెల్లవాళ్ళు కొందరు ఒక పాత తలుపు ముందు గుమిగూడి ఉన్నారు. వాళ్ళలో ఒకాయన నేల మీద బోర్లా పడుకుని మరీ తలుపు గొళ్ళాన్ని ఫొటో తీస్తున్నాడు.

"ఆయనకేమన్న అయిందా?" అంది కళ గాబరాగా.

"ఏం కాలేదక్కా. ఫొటోల కోసమే వస్తారు వీళ్ళు. మ్యాపు పట్టుకుని వాళ్ళంతట వాళ్ళే తిరుగుతారు."

"తుప్పు వట్టిన గొళ్ళెం కోసం గింత దూరమా?"

"మనం మాత్రం? గోడ కోసం రాలేదా?"

కళ నవ్వి నడక అందుకుంది.

పొట్టి మీనారు కనబడింది. పక్క గల్లీలో ఆకుపచ్చ తలుపు మూసి ఉంది. ఇంటి చుట్టూ తిరిగి వెనక్కి వెళ్తే అక్కడ ఎవరూ లేరు. ఒక చెత్త డబ్బా, కరెంటు మీటరు పెట్టె, చిన్న అరుగు, ఎండలో ఒళ్ళు విరుచుకుంటున్న పిల్లి, గోడ.

కళ చెప్పులు విడిచింది. ఎందుకు విడిచిందో ఆమెకే తెలియదు. దగ్గరికి వెళ్ళి అరచెయ్యి గోడకు ఆనించింది. నున్నగా లేదు. ఎండ ఏటవాలుగా పడుతుంటే చేతులు తిరిగిన జాడలు అలలు అలలుగా కనిపిస్తున్నాయి.

"ఈడ సిమెంటు ముట్టనియ్యరే," అని గంగన్న ఫోన్‌లో చెప్పేవాడు. "సముద్రపు రాళ్ళ గోడలు. పాతకాలం లెక్కనే సున్నం మెత్తాలె, చేతులతోని. ఊళ్ళె ఆడోళ్ళు గోడ పూస్తరు జూడు, గట్ల. దుబాయికచ్చి ఆడోళ్ళ పని చేస్తున్న. ఎవలకు చెప్పకు."

"ముందుగాల గోడను తడుపు మరి. పొడి గోడ మీద పూస్తే పగుల్తది," అని ఆమె ఇక్కడి గోడకు అక్కడినుంచి సలహా చెప్పింది.

"ఫోర్‌మన్ గూడ గదే అన్నడు. నువ్వు ఆడనే ఫోర్‌మన్ అయినవ్ పో."

ఇప్పుడు కళ వేలితో గోడ పొడవునా తడుముకుంటూ పోయింది. ఒక్క పగులు లేదు. "తడిపే పూసిండు," అంది తనలో తాను.

స్టెల్లా ఫోను తీసింది. అంతలో వెనకనుంచి అడుగుల చప్పుడు. నేల మీద పడుకున్న ఆయనే. గోడ మీది ఎండను చూసి ఆగిపోయాడు, కెమెరా ఎత్తాడు. కళ అడ్డంగా ఉంది. చేత్తో మర్యాదగానే, కొంచెం పక్కకు జరగమన్నట్టు సైగ చేశాడు.

"ఇది మా ఇంటాయన పూసిన గోడ," అంది కళ తెలుగులో.

ఆయన నవ్వాడు. "థాంక్యూ," అన్నాడు.

కళ పక్కకు జరిగింది. చెప్పులు గోడ దగ్గరే ఉండిపోయాయి. ఆయన వాటిని చూసి మళ్ళీ సైగ చేశాడు. ఆమె వంగి చెప్పులు కూడా తీసుకుంది. ఆయన ఫొటోలు తీసుకుని, మరోసారి థాంక్యూ చెప్పి వెళ్ళిపోయాడు.

"ఏంటక్కా అలా జరిగిపోయావ్?" స్టెల్లా మొహం ఎర్రబడింది. "ముందు మనం వచ్చాం. అన్నయ్య గోడ దగ్గర నిన్నే జరగమంటాడేంటి వాడు?"

"పోనియ్. మనుషులు లేని గోడ కావాలె గావచ్చు ఆయనకు."

"నాకు మనుషులున్న గోడ కావాలి. ఆ అరుగెక్కు. చెయ్యి పైకి పెట్టి కప్పు అంచు పట్టుకో. నవ్వు. ఏడుపు మొహం పెడితే తియ్యను."

కళ అరుగెక్కి చెయ్యి చాపింది. కప్పు అంచు సులువుగా అందింది. నవ్వు దానంతట అదే వచ్చింది. "ఎంత పొట్టిగున్నదే! మా మేకల కొట్టం దీనికంటె ఎత్తుంటది."

అరుగు దిగింది. ఫోన్‌లో ఫొటో చూసుకుంది. ఇసుక రంగు గోడ, మీటరు పెట్టె, చెత్త డబ్బా సగం. అత్తకు దీన్ని ఎట్లా పంపాలి?

గంగన్న పోయినప్పుడు ఊళ్ళో దోస్తులు ఫ్లెక్సీ వేయించారు. ఏడ పనిచేసేటోడు అని దుకాణం అతను అడిగితే దుబాయి అన్నారు. మా దిక్కు గల్ఫంతా దుబాయే. అతను కంప్యూటర్‌లో వెతికి, దుబాయిలో మబ్బుల్ని తాకే ఆ పెద్ద భవనాన్ని గంగన్న తల వెనక నిలబెట్టాడు. కింద అశ్రునివాళి అని అచ్చు వేశాడు. దినాలు అయ్యాక చౌరస్తాలోంచి తీసుకొచ్చి ఆ ఫ్లెక్సీని ఇంట్లో గోడకు కొట్టారు. వచ్చినవాళ్ళు నోరు తెరిచి చూసేవారు. "మీవోడు గింత పెద్దది కట్టిండా దుర్గవ్వా!" దుర్గవ్వ అవుననేది కాదు, కాదనేది కాదు. తల వంచుకుని బీడీలు చుట్టేది. కళ కూడా కాదనలేదు. కొడుకు పోయిన తల్లికి ఆ గొప్ప అయినా మిగలనీ అనుకుంది.

ఇప్పుడు ఆ భవనం పక్కన ఈ గోడ పెడితే?

* * *

శనివారం నుంచి మాల్‌లో రద్దీ. కళ చేతిలో మాప్ ఆగలేదు. బకెట్‌లో ముంచడం, పిండడం, ఎనిమిది అంకె వేసినట్టు నేల మీద తిప్పడం, పసుపు బోర్డు ముందుకు జరపడం. అద్దాల తలుపుల మీద పిల్లలు వేలిముద్రలు వేస్తూనే ఉంటారు, ఆమె తుడుస్తూనే ఉంటుంది. తుడిచినప్పుడల్లా అద్దంలో ఎదుటి ఆఫీసు భవనాలు కనబడేవి. నిటారుగా, నీలంగా, మెడ నొప్పి పుట్టేంత ఎత్తుగా.

దేవేందర్ ఫోన్ చేశాడు. గంగన్నతో ఒకే కంపెనీలో, ఒకే గదిలో ఉన్నవాడు. చివరి పొద్దున లేపబోయింది కూడా అతనే.

"దొరికిందా వదినా గోడ?"

"దొరికింది తమ్మీ. ఒక్క పగులు లేదు."

"మరి అవ్వకు పంపినవా?"

"పంపలే."

"పంపకు. నా మాటిను. ముసలామె గా ఫ్లెక్సీని చూసుకుంటనే బతుకుతుంది. మనమెందుకు పడగొట్టాలె? ఆడ ఫొటోలు దింపనియ్యరని చెప్పు, ఖలాస్."

"అబద్ధమా?"

"ఇన్నొద్దుల సంది ఏం జెప్పినం మరి?"

ఆ మాట కళను మూడు రోజులు నమిలింది. బుధవారం డ్యూటీ దిగాక స్టెల్లాను మాల్ బయటికి లాక్కెళ్ళి, ఒక నీలపు అద్దాల భవనం ముందు నిలబడింది.

"నన్ను దీని ముందర ఒకటి దింపు. కొస దాక రావాలె."

స్టెల్లా వంగింది, మోకాళ్ళ మీద కూర్చుంది, చివరికి ఆ తెల్లాయన లాగే పేవ్‌మెంటు మీద పడుకున్నంత పని చేసింది. "ఎందుకక్కా ఇది?"

"అత్తకు పంపుత. గిదే ఆయన కట్టింది అంట."

స్టెల్లా ఫోను దించింది. "మరి ఆ గోడ?"

"గోడ నాకుంటది. ఆమెకు ఇది ఉండనీ."

స్టెల్లా దాన్ని కూడా కళ ఫోన్‌కు పంపింది. తన ఫొటోలు అక్సా చూసిందా లేదా అన్న మాట ఆ రోజు ఎత్తలేదు. గది మెట్ల దగ్గర మాత్రం అంది. "నువ్వు ఆ భవనం ముందు నవ్వలేదక్కా. గోడ దగ్గర నవ్వావు. ఆవిడ కోడలి మొహం గుర్తుపట్టలేదా ఏంటి?"

గురువారం మధ్యాహ్నం విరామంలో, మాల్ వెనక సామాన్లు దించే చోట, అట్టపెట్టెల మీద కూర్చుని కళ వీడియో కాల్ చేసింది. అవతల ఆడబిడ్డ రమ ఫోన్ పట్టుకుంది. దుర్గవ్వ ఒళ్ళో చాట ఉంది. చాటలో తునికాకులు, తంబాకు. కత్తెరతో ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, గోరుతో కొస మడిచి పడేస్తోంది. చేతులు చూడకుండానే పనిచేస్తున్నాయి. వెనక గోడ మీద ఫ్లెక్సీ. గంగన్న మొహం, దాని వెనక ఆ భవనం.

"తిన్నవా పిల్లా?"

"తిన్న అత్తా. నువ్వు?"

"తింటగని, పోయినవా? గా జాగకు పోతనంటివి గదా శుక్రారం నాడు."

కళ నీలపు భవనం ఫొటో మీద వేలు పెట్టి ఉంచింది. నొక్కలేదు.

"పోయిన అత్తా."

దుర్గవ్వ చేతులు ఆగాయి. ఆ చేతులు ఆగడం కళ ఎన్నడూ చూడలేదు. జ్వరంలో కూడా అవి ఆడేవి.

"పైకెక్కనిచ్చిండ్రా?"

"ఏడికి?"

"మీదికి. ఏ అంతస్తు కాడ పడ్డడో చూపెట్టిండ్రా నీకు?"

"అవ్వా!" అంది రమ. ఫోన్ ఊగింది.

కళకు ముందు అర్థం కాలేదు. "పడుడేంది అత్తా? పన్నోడు పన్నట్టే పోయిండు గదా. దేవేందర్ పక్కమంచం మీదనే ఉండె. చెప్పిన గదా నీకు."

"చెప్పిండ్రు," అంది దుర్గవ్వ. "అందరు గట్లనే చెప్తరు. పెట్టె విప్పనియ్యలె. మొఖం దాక చూపిచ్చిండ్రు, కింద బట్ట తియ్యనియ్యలె. గింతెత్తు మీదికెల్లి పడ్డోని పెయ్యి ఎట్లుంటదో నాకెర్క లేదా? తల్లి ఓర్వదని దాస్తుండ్రనుకున్న. నేను గూడ అడగలె. మీరు దాచేటిది నేనెందుకు గెలుకాలె?" చెయ్యి వెనక్కి చూపించింది, తల తిప్పకుండా. "దాన్ని చూసినప్పుడల్ల ఏడికెల్లి జారిండో, గాలిల ఎంతసేపున్నడో, ఎవలను పిలిచిండో అనే నాకు. రోజు పొద్దుగాల లేస్తే గదే ఎదురుంగ."

"మరి తీసేపియ్యకపోతివా అవ్వా!" అంది రమ.

"ఊరందరు గొప్పగ చూస్తుండ్రు. ఆని దోస్తులు పైసలేసుకొని చేయించిండ్రు. ఎట్ల తీపియ్యాలె?"

సామాన్లు దించే లారీ ఒకటి వెనక్కి వస్తూ కుయ్ కుయ్ మంటోంది. కళ ఒక చెవి మూసుకుంది. ఆమె బొటనవేలు నీలపు భవనాన్ని పక్కకు తోసేసింది. గోడ ఫొటోలన్నీ ఒకటి తర్వాత ఒకటి పంపింది. చేతులు తిరిగిన జాడలు, మీటరు పెట్టె, పిల్లి, చివరగా తాను అరుగెక్కి కప్పు అంచు పట్టుకుని నవ్వుతున్నది.

"రమా, అవ్వకు దగ్గర పెట్టి చూపెట్టు. అత్తా, గిదే. ఆయన పనిజేసింది గిదే ఊరు, గిసొంటి ఇండ్లు. పెద్ద బిల్డింగు ఒక్కటి గూడ చెయ్యలె. ఫ్లెక్సీ దుకాణపోడు పెట్టిండు దాన్ని. నేను చెప్పలె. నీకు గొప్పగుందేమో అనుకొని చెప్పలె."

దుర్గవ్వ రమ చేతిలోంచి ఫోన్ లాక్కున్నట్టుంది. తెర మీద ఆమె కన్ను ఒక్కటే పెద్దగా కనబడింది.

"నీ చెయ్యి అందింది."

"అందింది అత్తా."

"నీ చెయ్యే అందిందంటే..." ఆమె నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. అది నవ్వో ఏడుపో ఇటు తెలియలేదు. "దీని మీదికెల్లి పడితే ఏమైతది? ముడ్డి దులుపుకొని లేస్తడు గాడిది కొడుకు!"

రమ ఏడుస్తూ నవ్వింది. కళ అట్టపెట్టె మీద తల ఆనించింది. విరామం అయిపోయిందని సూపర్‌వైజర్ యల్లా యల్లా అని తొందరపెడుతున్నాడు. ఆమె చెయ్యెత్తి ఇంకొంచెం ఆగమంది. ఎన్నడూ అట్లా అన్నది కాదు. అతను ఆశ్చర్యపోయి ఆగాడు.

"చేతులతోనే పూసిండా?" దుర్గవ్వ మళ్ళీ చూస్తోంది. "గిది నేను పూసినట్టే ఉన్నది పిల్లా. గీ తిప్పుడు నాదే. చిన్నప్పుడు నా ఎనకెనక తిరుగుతుండె పేడ నీళ్ళు పట్టుకొని."

"ఎవలకు చెప్పకు అనేటోడు. ఆడోళ్ళ పని అని."

"ఊరంత చెప్త," అంది దుర్గవ్వ. తర్వాత ఆమె ప్రశ్నలు మొదలుపెట్టింది. ఒకదాని మీద ఒకటి, ఇన్నాళ్ళూ లోపల దాచుకున్నవన్నీ. ఆడ నీళ్ళు ఏడ తాగేటోడు? బువ్వ ఏడ గూసోని తినేటోడు? గింత ఎండల చెట్టన్న ఉన్నదా? నీడుంటదా ఆ గోడకు? ఏ పొద్దుకుంటది?

"రేపు పోయి అన్ని చూసొస్త అత్తా," అంది కళ.

* * *

మళ్ళీ శుక్రవారం కళ ఒక్కతే వెళ్ళింది. ఫెలోషిప్పులో పాటలకు తానే ముందు నిలబడాలి, రాలేనంది స్టెల్లా, ఫోను మాత్రం చేతిలో పెట్టింది. "ఫొటో తీసేముందు అద్దం తుడువు. నీ పని అదేగా."

ఈసారి దీపాలు వెతుక్కోవలసిన పని లేకపోయింది. పెద్ద కెమెరాల వాళ్ళు ఇంకెవరో వచ్చారు, మ్యాపులు పట్టుకుని తలుపుల ముందు ఆగుతున్నారు. కళ తలుపుల దగ్గర ఆగలేదు. మసీదు గోడకు దారిన పోయేవాళ్ళ కోసం పెట్టిన చల్లటి నీళ్ళ మిషన్ ఉంది. దాన్ని ఫొటో తీసింది. కుళాయి తిప్పి, దోసిట్లో పట్టి తాగి, కారుతున్న నీళ్ళను కూడా తీసింది. చిన్న హోటల్ ముందు పరోటాలు కాలుస్తున్న మలయాళీ అతన్ని, "పనోళ్ళు ఈడ తినేవారా భాయ్?" అని వచ్చీరాని హిందీలో అడిగింది. గోడలకు సున్నం పూసిన వాళ్ళా, రోజూ వచ్చేవాళ్ళు, చేతులు తెల్లగా ఉండేవి, పొట్లం కట్టించుకుని పోయేవాళ్ళు అన్నాడతను. ఆమె పెనం మీది పరోటాను ఫొటో తీసింది. అతను నవ్వి, తన మొహం కూడా రానిచ్చాడు.

గోడ దగ్గరికి చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. నీడ లేదు. గోడ మొదట్లో ఒక సన్నటి గీత, చీర అంచంత. దాన్నే ఫొటో తీసి పంపింది. ఇంతే ఉన్నది అత్తా, అని మాట కూడా పెట్టింది.

జవాబు రాలేదు. కళ అరుగు మీద కూర్చోలేక నిలబడలేక, కొంగు నెత్తిన వేసుకుని తిరిగింది. ఆ రోజు ఆమెకు డ్యూటీ లేదు. పోదామనుకుంటూనే ఉండిపోయింది. పొద్దు వాలేకొద్దీ గీత వెడల్పయింది. అరుగు సగం నల్లబడింది. పిల్లి ముందు చేరింది ఆ సగంలోకి. ఇంకాసేపటికి అరుగంతా నీడ. గాలి కూడా సముద్రం దిక్కునుంచి మొదలైంది.

కళ గల్లీ అవతలి గోడ దాకా వెనక్కి పోయి, నీడ మొత్తం పట్టేట్టు ఫొటో తీసింది. పంపింది.

ఈసారి వెంటనే దుర్గవ్వ గొంతు వచ్చింది. వెనకనుంచి కత్తెర చప్పుడు కూడా వినబడింది.

"సాలు బిడ్డా. నీడున్నది. కూసున్నడు ఆడ, పరోట తిన్నడు, నీళ్ళు తాగిండు. సాలు. పొద్దుగాల సంది తిరుగుతున్నవ్ గావచ్చు. నువ్వు గూడ జర కూసో."

కళ పిల్లిని కొంచెం జరిపి, గోడకు వీపు ఆనించి కూర్చుంది.

ముత్తెమ్మ, అరవై రెండేళ్ళు. నిన్నమొన్నటిదాకా మహూజ్‌లో వాళ్ళ కింది గదిలో ఉండేదాన్ని. ఇప్పుడు ఉండేది కోరుట్లలో, మా చెల్లె దగ్గర.